ఏడీహెచ్‌డీ బిళ్ల మార్చాక పిల్లోడు తేడాగా ఉన్నాడా, ముందు టైమ్ చూడండి

మా అబ్బయ్యకి ఏడీహెచ్‌డీ, అంటే కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య ఉంది, దానికి మిథైల్ ఫెనిడేట్ 5 ఎంజీ పొద్దునొకటి మధ్యాన్నమొకటి వేసేవాళ్లం, ఏడో క్లాసుకి వచ్చాక స్కూల్లో మధ్యాన్నం బిళ్ల వేసే దిక్కు లేక డాక్టర్ రోజుకొకటేసే 18 ఎంజీ లాంగ్ యాక్టింగ్‌కి మార్చారు. ఆ నెలంతా మా కావలి ఇంట్లో ఎవురికీ నిద్రల్లేవు, అప్పుడు తెలుసుకున్నవి ఇట్టా మారేవాళ్లకి పనికొస్తాయని రాస్తన్నా. డోసు మార్చేది డాక్టరే, ఏది ఎన్ని గంటలకి జరిగిందో చెప్పాల్సింది మనం.

10 నుంచి 18 చేశారేంది?

నేనూ భయపడ్డా. మామూలు బిళ్ల పని మూడు నాలుగు గంటలే, ఈ 18 మాత్రం పన్నెండు గంటలదాకా కొద్దికొద్దిగా వదుల్తది, పైపూతలో వెంటనే పనిచేసేది 4 ఎంజీయే. అందుకే కొందరికి పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో పాత బిళ్లంత పట్టు ఉండదు. స్కూలుకి గంట ముందే వేసి చూడండి, వారం చూసినా అట్టాగే ఉంటే ఫలానా టైమ్‌దాకా ఇంతే అని డాక్టర్‌కి చెప్పండి.

పొద్దున్నే గుండె దడ, ఏడుపు, మధ్యాన్నానికి అసలేం లేదు

ఇది నా చేతులారా జరిగిన తప్పు. వాడు మింగలేకపోతుంటే రోట్లో నూరి తేనెలో కలిపి నాకించా. పొద్దంతా మెల్లగా వదలాల్సిన మందు ఒక్కసారే లోపలికి పోయింది, పిల్లోడు రొమ్ము మీద చెయ్యేసుకుని అమ్మా ఏందో కొట్టుకుంటోంది అంటుంటే నా కాళ్లు చేతులు ఆడలా. డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పినట్టు చేశాం, ఆ దేవుడి దయవల్ల సర్దుకుంది. లాంగ్ యాక్టింగ్ బిళ్ల నూరకూడదు, కొరకకూడదు, విరవకూడదు. హోటల్లో బిల్లుతో ఇచ్చే రంగు సోంపు గింజతో మింగడం నేర్పించా, పది రోజుల్లో వచ్చేసింది. అసలు మింగలేకపోతే ముందే చెప్పండి, వేరే రకం రాస్తారు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, లేనివి కనపడటం, వీటికి మాత్రం టైమ్‌లు రాసుకోడాలూ ఎదురుచూపులూ వద్దు, నేరుగా ఆస్పత్రికి పోండి.

దొడ్డికి పోయినప్పుడు బిళ్ల అట్టాగే వచ్చిందని కంగారు పడొద్దు, కొన్ని రకాల్లో అది ఖాళీ తొక్కే, మందు లోపలే దిగిపోయుంటది.

చిరాకు, మౌనం

ఇక్కడ టైమే తేడా చెప్తది. సాయంత్రం మందు దిగేటప్పుడు ఒక గంట ఏడుపు, కొట్లాట అయితే అది రీబౌండ్, అంటే మందు దిగిపోయేటప్పుడు వచ్చే చిరాకు, ఆ గంట హోంవర్క్ పెట్టకుండా ఏదన్నా తినిపించి వదిలేయండి, తగ్గకపోతే డాక్టర్ చిన్న డోసు కలపొచ్చు. పదకొండింటికి, మందు బాగా పనిచేసే టైమ్‌లో పిల్లోడు బొమ్మలా కూర్చుంటున్నాడా, డోసు ఎక్కువైందేమో. మా టీచర్ రాసిచ్చిన ఒక్క ముక్క, "మూడో పీరియడ్‌లో మాట్లాడ్డం లేదు" అని, డాక్టర్‌కి అదే బాగా పనికొచ్చింది.

క్యారియర్ అట్టాగే తిరిగొస్తోంది, రాత్రి నిద్ర లేదు

పెరుగన్నం ముట్టడు. బిళ్లకి ముందే దోశో ఇడ్లీయో కడుపునిండా, రాత్రి మందు దిగాక ఇంకోసారి గట్టిగా పెట్టండి, నెలకోసారి బరువు రాయండి. ఆదివారం లేటుగా లేచి పదింటికి బిళ్లేస్తే రాత్రి పదిదాకా పనిచేస్తనే ఉంటది, నిద్ర యాడొస్తది.

ఎంజీ అదే, కంపెనీ మారింది, పని చెయ్యట్లా

మీ భ్రమ కాదు. ఒకే మందైనా వదిలే తీరు వేరేగా ఉండొచ్చు, అమెరికాలో మందుల్ని చూసే సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2014 నవంబర్‌లో ఇట్టాంటి రెండు జెనరిక్‌లు (వేరే కంపెనీలు చేసే అదే మందు) ఏడో గంట తర్వాత మెల్లగా వదుల్తుండొచ్చని, అసలు కంపెనీ బిళ్లకి సమానమన్న రేటింగ్ తీసేసింది. పాత స్ట్రిప్ ఫోటో తీసి పెట్టుకోండి.

మిథైల్ ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్నది, చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లే ఉంచుకుంటారు, అన్ని షాపుల్లోనూ అమ్మరు. మేము నెల్లూరు పొగతోటకి పోవాల్సొస్తది కాబట్టి పది బిళ్లలు ఉండగానే బయల్దేరతాం. అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంఫిటమిన్ బిళ్లలు ఇందులో సర్దొద్దు, అది వేరే మందు, ఎంజీకి ఎంజీ సరిపోదు. అటామాక్సెటిన్ అని ఏడీహెచ్‌డీకే ఇంకో మందుంది, దానికి మారిస్తే అది మిథైల్ ఫెనిడేట్‌లా వెంటనే పనిచేసే స్టిమ్యులెంట్ రకం కాదు, పూర్తి పని కనపడ్డానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందాకా పాతది ఎట్టా తగ్గించాలో మొదటి రోజే అడిగి రాయించుకోండి.