పెత్రమాస రాకముందే: ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో చూసుకోవలసినవి

వినాయక నిమజ్జనం అయిపోయింది. పెత్రమాసకు, అంటే బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్యకు, ఇంకా పక్షం రోజులుంది. వానలు పూర్తిగా పోలేదు, ఎండ మాత్రం చురుక్కుమంటోంది. బడిలో పరీక్షలు, ఇంట్లో కొత్త లంగాల ముచ్చట్లు, ఏ వాడలో అడిగినా ఒకరింట్లో జ్వరం. తెలంగాణలో ఆడపిల్లలున్న ఇంటికి ఏడాది మొత్తంలో ఇంత సంబరమైన కాలం ఇంకోటి లేదు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ వాళ్లవే. డెంగీ పెరిగేదీ, చెరువులు నిండుగా ఉండేదీ, చేలగట్ల మీద పాములు తిరిగేదీ కూడా ఈ రోజుల్లోనే.

మా పెద్ద బిడ్డకు ఏడేళ్లు, చిన్నదానికి మూడు. ఏ జాగ్రత్తల కంటే ముందైనా ఒక మాట మానేయమని మిమ్మల్ని అడుగుతాను: "నువ్వు పెద్దదానివి కదా, చెల్లెను చూసుకో." ఇంటి వాకిట్లో ఆడుకునేటప్పుడు ఆ మాట ముద్దుగానే ఉంటుంది. చెరువు గట్టున, జనంలో, దీపాల దగ్గర ఆ మాట అనకూడదు. ఏడేళ్ల పిల్లకు చెల్లె మీద ప్రాణమే ఉండొచ్చు, కానీ దాని కళ్లు కూడా పూల మీద, పాటల మీదే ఉంటాయి. ఏదైనా జరగరానిది జరిగితే ఆ బరువు ఆ పిల్ల జన్మంతా మోయాలి.

ఇల్లు చుట్టాలతో నిండిన రోజునే చిన్నపిల్లలు ఎవరి కంటా పడకుండా పోతారు. అమ్మమ్మ చూస్తోందిలే అని అమ్మ, పిన్ని దగ్గరుందిలే అని అమ్మమ్మ, బాబాయి ఎత్తుకున్నాడులే అని పిన్ని. అందుకే పండుగ తొమ్మిది రోజులూ పేరు పెట్టి అప్పగించండి. "చిన్నీ, పూలు పేర్చేదాకా పాప నీ దగ్గరే" అని ఒక్కరికే చెప్పాలి. వాళ్లు వేరే పనికి లేస్తే ఇంకొకరికి నోటితో చెప్పి, వాళ్లు ఊ అన్నాకే లేవాలి. మొదట్లో మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చాదస్తంగా అనిపించింది. ఇప్పుడు మా అత్తమ్మే అందరినీ అడుగుతుంది, "పాప ఎవరి మీదుంది?" అని.

నిలిచిన నీళ్లు

డెంగీని మోసే ఏడిస్ దోమ మురికికాలువలో పుట్టదు, మనం శుభ్రమని నమ్మే నీళ్లలో పుడుతుంది. ఎండాకాలం అయ్యాక మూలకు నెట్టిన కూలర్, మిద్దె మీది పాత టైరు, మూత సరిగా పడని గోళెం, మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనకాల నీళ్లు కారే ట్రే. గుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు 7 నుంచి 10 రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి చెప్పేది ఇందుకే. నీళ్లు ఒంపేసి ఊరుకుంటే చాలదు. గుడ్లు నీటి అంచు పైన పాత్ర గోడకే అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్లీ వాన నీళ్లు తగలగానే పిగులుతాయి. కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి, కడిగాక బోర్లించాలి.

ఏడేళ్ల పిల్లకు అప్పగించదగ్గ పని ఇది. టార్చి ఇచ్చి, నీళ్లలో తోకపురుగులు (దోమ పిల్లపురుగులు) ఎక్కడున్నాయో వెతకమంటే ఇల్లంతా జల్లెడ పడుతుంది. పండుగ మధ్యలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ కదా, ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు. చేతికి దొరికిన ఆ తీరికలో ఇంకోసారి పాత్రలన్నీ కడిగేయండి. తొమ్మిది రోజులు పూలను తాజాగా ఉంచడానికి పెట్టిన బకెట్లు, తాంబాళాలు కూడా మరవద్దు.

ఈ దోమ పగలే కుడుతుంది, పొద్దున పూట, సాయంత్రం పొద్దు గుంకే ముందు ఎక్కువ. అంటే రాత్రి ఒక్కటే దోమతెర కడితే లాభం లేదు. చిన్నది మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు కూడా తెర ఉండాలి. బడికి వెళ్లేదానికి నిండు చేతుల చొక్కా, పొడుగు సాక్సులు వేయండి. దోమల క్రీమ్ రాస్తే అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర వద్దు. నిమ్మ యూకలిప్టస్ నూనెతో చేసినవి సహజమైనవని కొంటాం గానీ, 3 ఏళ్లలోపు పిల్లలకు వాటిని వాడకూడదు.

జ్వరం వస్తే

జ్వరం వచ్చిన మొదటి గంట నుంచీ ఒక నోటుబుక్కులో రాయండి. ఎప్పుడొచ్చింది, ఎంతుంది, ఏ మందు ఎన్ని గంటలకు వేశారు, ఎన్నిసార్లు మూత్రం పోసింది. ఇద్దరికీ ఒకేసారి వస్తే, ఎవరికి ఏది వేశామో తెల్లవారుజామున నిద్రమత్తులో గుర్తుండదు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ పెట్టండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పూటకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, పూటకూ పూటకూ మధ్య 4 నుంచి 6 గంటల ఎడం, రోజుకు 4 సార్లు మించకుండా. మందుల షాపులో ఈ సిరప్ రెండు రకాలుగా దొరుకుతుంది: 5 ఎం.ఎల్.లో 120 మిల్లీగ్రాములు ఉన్నదొకటి, 250 ఉన్నదొకటి. డబ్బాలు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. 12 కిలోల పిల్లకు పూటకు 120 నుంచి 180 మిల్లీగ్రాములు చాలు. అక్కకు తెచ్చిన 250 సీసా నుంచి అదే 5 ఎం.ఎల్. చెల్లెకు పోస్తే మోతాదు మించిపోతుంది. ఈ వారంలోనే ఇద్దరినీ తూకం వేయించి, ఎవరికి ఏ సీసా, ఎన్ని ఎం.ఎల్. అన్నది పిల్లల డాక్టరునే అడిగి, సీసా మీద పేరుతో సహా రాసి అతికించండి.

ఐబుప్రోఫెన్, మెఫినమిక్ యాసిడ్, ఆస్పిరిన్ ఈ కాలపు జ్వరాలకు ఇవ్వొద్దు. డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరం తొందరగా దిగాలని ఊళ్లో వేయించే నొప్పి సూది కూడా ఈ జాతిదే. నానమ్మలు, తాతయ్యలు ప్రేమకొద్దీ తీసుకెళ్లి వేయిస్తారు, ముందే కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పి ఉంచండి. దగ్గు సిరప్‌ల సంగతి కూడా. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపు రసాయనం కలిసిన దగ్గు మందు తాగి పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సమయంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2 ఏళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, 5 ఏళ్లలోపు వారికి మామూలుగా అవి అక్కర్లేదని మళ్లీ చెప్పింది. పోయిన ఏడాది మిగిలిన సీసా ఇంట్లో ఉంటే ఈ రోజే పారేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. డెంగీలో అసలు గండం జ్వరం మండిపోతున్న రోజుల్లో కాదు, జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటల్లో. సాధారణంగా జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య ఇది వస్తుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి, రక్తం చిక్కబడి, పిల్ల ఒక్కసారిగా నీరసించిపోతుంది. ఒళ్లు చల్లబడింది, ఇక బతుకమ్మ ఆడటానికి పోవచ్చు అని అనిపించేది సరిగ్గా ఆ రోజునే. ఆ రెండు రోజులు బిడ్డను ఇంట్లోనే ఉంచి, దగ్గర కూర్చుని కనిపెట్టండి. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చల్లబడిన చేతులు కాళ్లు, 6 గంటలుగా మూత్రం లేకపోవడం, ఎప్పుడూ లేనంత మగత, లేదా కారణం లేని చిరాకు. వీటిలో ఒక్కటి కనిపించినా పొద్దున దాకా ఆగొద్దు, రాత్రికి రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

డెంగీ అవునో కాదో తేల్చడానికి జ్వరం మొదటి 5 రోజుల్లో ఎన్ఎస్1 అనే రక్తపరీక్ష పనికొస్తుంది, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష. ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ ఇంటిల్లిపాదీ కంగారు పడతారు గానీ, డాక్టర్లు దాంతో పాటు రక్తం ఎంత చిక్కబడిందో, మూత్రం ఎలా వస్తోందో చూస్తారు. సంఖ్య తగ్గినంత మాత్రాన ప్లేట్‌లెట్లు ఎక్కించాలని పట్టుబట్టకండి. బొప్పాయి ఆకు రసం ముక్కు మూసి తాగించేకంటే, ఓఆర్ఎస్, గంజి, కొబ్బరినీళ్లు గుక్కెడు గుక్కెడుగా పట్టడం మేలు. ఆ చేదుకు వాంతి చేసుకుంటే లోపలున్న నీళ్లూ పోతాయి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. అందుకే పోయినేడు వచ్చి తగ్గిన బిడ్డ విషయంలో ఇంకా అప్రమత్తంగా ఉండాలి.

పూలకు వెళ్లినప్పుడు

తంగేడు, గునుగు, కట్ల పూలు తేవడానికి పిల్లలను తీసుకెళ్లండి. కొనుక్కొచ్చిన పూలతో ఆ ఆనందం రాదు, నేను మాన్పించమని చెప్పను. కానీ గునుగు ఎక్కువగా మొలిచేది చేలలోనే, అవి పత్తికి పురుగుమందులు కొట్టే రోజులు. వెళ్లేముందు చేను వాళ్లను అడగండి. ఈ మధ్యే మందు కొట్టి ఉంటే ఆ చేనులోకి పిల్లలను దించొద్దు. పూలు తెంపిన చేతులతో ఏమీ తిననివ్వొద్దు, ఇంటికి రాగానే సబ్బుతో కడిగించండి. చెప్పుల బదులు బూట్లు, లంగాల బదులు ప్యాంట్లు వేయండి. పొద కింద చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో కదిలించాలి. గునుగుకు రంగులద్దే వేడినీళ్ల గిన్నె నేలమీద పెట్టకండి. ఎత్తుమీద పెట్టి, పెద్దవాళ్లే అద్దాలి.

చెరువు గట్టున

పిల్లలు నీళ్లలో మునిగేటప్పుడు కేకలు వేయరు, చేతులూపరు. చప్పుడు లేకుండా కొన్ని నిమిషాల్లో అంతా అయిపోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. మట్టి తవ్విన చోట అడుగు వేస్తే లోతు ఒక్కసారిగా మారిపోతుంది, మన చిన్నప్పుడు మోకాలి లోతు ఉన్న అంచు ఇప్పుడు అలా ఉండదు. నీళ్లలోకి దిగేది పెద్దవాళ్లే. పిల్లలు మెట్ల పైనే, ఒక్కొక్క పిల్ల చెయ్యి ఒక్కొక్క పెద్దవాళ్ల చేతిలో. ఇద్దరు పిల్లలున్నప్పుడు ఇద్దరు పెద్దలు లేకపోతే, ఆ రోజు గట్టు దిగకుండా బతుకమ్మను పక్కింటి వాళ్ల చేతికిచ్చి వదిలించండి. తడిసిన జరీ లంగా బరువెక్కి పసిదాన్ని కిందికి లాగుతుంది.

జనంలో తప్పిపోతే చూపించడానికి ఇల్లు కదిలే ముందే ఇద్దరినీ ఆ రోజు బట్టల్లో ఫోటో తీసి ఉంచండి. మన ఫోన్ నంబరు రాసిన చీటీ లంగా నడుముకు కుట్టండి. పెద్దదానికి నంబరు కంఠతా పట్టించండి. బంగారం వేయకండి, పూలజడ చాలు. తప్పిపోతే 112కు ఫోన్ చేయాలి, పిల్లల కోసం ప్రత్యేకంగా 1098 ఉంది.

ఇంట్లో కంటికి ఆననివి

బీరువాలోంచి పట్టులంగాలు తీసేటప్పుడు కలరా ఉండలు కిందికి దొర్లుతాయి. తెల్లగా మిఠాయిలా కనిపిస్తాయి, మూడేళ్లది నోట్లో వేసుకుంటుంది. పూజ పళ్లెంలో కర్పూరం ఇంకా ప్రమాదం. కొంచెం మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావొచ్చు. వాంతి చేయించాలని చూడకుండా నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి, డబ్బా వెంట తీసుకెళ్లాలి. జాతరలో కొన్న మెరిసే బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు గొట్టం కాలడం మొదలవుతుంది, అది కూడా అంతే తొందర.

సద్దుల పల్లీలు గింజల్లా 5 ఏళ్లలోపు పిల్లలకు పెట్టొద్దు, మెత్తగా పొడి కొట్టి పెట్టండి. పట్టు పేరుతో అమ్మే పాలిస్టర్ లంగా మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. దీపాల దగ్గరికి పోయే రోజు నూలు బట్టలే వేయండి. కాలితే 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. అంటుకున్న గుడ్డ లాగొద్దు, టూత్‌పేస్టు, సిరా పూయొద్దు.

ఊళ్లో రాత్రులు

దసరా సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళితే, పిల్లలను నేల మీద పడుకోబెట్టకండి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నిద్రలో కరుస్తుంది. కాటు నొప్పి పెద్దగా ఉండదు, గుర్తు కూడా సరిగా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతుంది. అలా కనిపిస్తే అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టకండి. మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి, దోమా రాదు, పామూ రాదు. కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, మంత్రం కోసం తిప్పడం వద్దు. కరిచిన చెయ్యి, కాలు కదలకుండా పట్టుకుని 108లో తీసుకెళ్లాలి. బయలుదేరే ముందు రోజే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, పాముకాటు మందు ఏ సర్కారు దవాఖానాలో ఉందో, రాత్రి డాక్టరు ఉంటారో లేదో అడిగి రాసుకోండి.