తాత తుపాకీ కట్టె పగులు చివరికి ఎట్లా అతికిందంటే
హనుమకొండలో మా ఇంటి గోడకు వేలాడే పాత భర్మార్ తుపాకీకి (గొట్టం మూతి నుంచి మందు కూరేది, లైసెన్సు ఉన్నదే, పేల్చక ఏళ్లయింది) చేతిపట్టు దగ్గర కట్టె పొడుగునా పగిలింది. తెల్ల జిగురు, క్విక్ జిగురు, ఇనుప పట్టీ అన్నీ అయ్యాయి. నెల తిరక్కుండానే మళ్లీ నోరు తెరిచేది.

తప్పు జిగురుది కాదు, నూనెది. గొట్టానికి రాసిన నూనె ఏళ్ల తరబడి కట్టెలోకి ఇంకింది, ఇక జిగురు దేన్ని పట్టుకుంటుంది?

ముందు తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని ఇనుప భాగాలన్నీ విప్పేశాను. సుద్ద పొడిని గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌తో దోసె పిండిలా కలిపి పగులు మీద పట్టించి, ఆరాక దులిపితే తెల్ల పొడి కాస్తా నూనె పీల్చుకుని బీడీ ఆకు రంగుకు తిరిగింది. పొడి తెల్లగానే రాలేదాకా చేయాలి, నాకు నాలుగు సార్లు పట్టింది. వాకిట్లోనే చేయండి, అసిటోన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. తర్వాత సన్న చెక్క చీలికతో పగులును కాస్త తెరిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీని (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) లోపలికంటా పోనిచ్చి, చీలిక తీసేసి, పైన పాలిథిన్ కవరు, దాని మీద పాత సైకిల్ ట్యూబు బిగించి చుట్టి 24 గంటలు ముట్టుకోలేదు. చివర్లో అవిసె నూనె, పలుచగా.

ఏడాదిగా కదల్లేదు. మాది టేకు, పురుగు తిన్న కట్టెకు పనిచేస్తుందో లేదో చెప్పలేను. పేల్చే తుపాకీకైతే నా మాట మీద పోకండి, తెలిసినవాళ్లకు చూపించండి.