పోయిన నాణేల వేట – 5వ పాఠం: ఊరికే కూసే ఇసుక, నోరు మెదపని రూపాయి

దొరికిన నాణెం ఏ కాలానిదో గుర్తుపట్టడం ఈసారి చెబుతానన్నాను. దాన్ని వాయిదా వేయక తప్పడం లేదు. నాలుగో పాఠం చదివి పిల్లాపాపలతో సముద్రపు ఒడ్డుకు బయలుదేరినవాళ్లు రాసిన ఉత్తరాలు చూశాక, ముందు వాటికి సమాధానం చెప్పకుండా కొత్త పాఠం మొదలుపెడితే సగం ఇళ్లలో నేలలోని లోహాన్ని కూతపెట్టి చెప్పే యంత్రం (మెటల్ డిటెక్టర్) అటక ఎక్కేలా ఉంది.

కళింగపట్నం వెళ్లిన టెక్కలి కుటుంబానికి యంత్రం ఆన్ చేసింది మొదలు కూత ఆగలేదట. పిల్లలు చెవులు మూసుకుని వెనక్కి వెళ్లిపోయారట. చింతపల్లి తీరానికి వెళ్లిన నెల్లిమర్ల దంపతులది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. పూటంతా నడిచినా ఒక్క కూత కూడా వినపడలేదు. రెండు ఇళ్లవాళ్లూ యంత్రం చెడిపోయిందనే తేల్చేశారు, ఒకరు అమ్మినవాడితో తగువు కూడా పెట్టుకున్నారు. పాపం అతని తప్పేమీ లేదు. రెండు యంత్రాలూ బాగానే ఉన్నాయి. మొదటిచోట అడ్డుపడింది ఇసుక, రెండోచోట ఒక బటన్.

ఇసుక సంగతి ముందు. మన తీరంలో భావనపాడు నుంచి కళింగపట్నం మీదుగా భీమిలి వరకు ఇసుక మీద నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైట్ అనే ఖనిజం. దానితో పాటు గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. చార అంచున ఎర్రగా మెరిసేది గార్నెట్. ఇవన్నీ బరువైన గింజలు. అల వెనక్కి మళ్లేటప్పుడు తేలిక ఇసుకను లాక్కుపోయి వీటిని వదిలేస్తుంది, అందుకే తుఫాను తరువాత చారలు మందంగా కనిపిస్తాయి. వీటిలో అయస్కాంతానికి అంటుకునే మాగ్నటైట్ కూడా కొంత కలిసి ఉంటుంది, యంత్రాన్ని ఎక్కువగా తికమక పెట్టేది అదే. యంత్రం అడుగున పళ్లెంలా ఉండే కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపి, తిరిగి వచ్చే మార్పును వింటుంది. నాణెం బదులిచ్చినట్టే ఈ గింజలూ బదులిస్తాయి. దీనికి ఉప్పునీటి తడి తోడైందంటే, అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే చవక యంత్రానికి ఒడ్డంతా లోహంలాగే వినిపిస్తుంది.

నమ్మకం లేకపోతే పాత స్పీకరులో నుంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి నల్ల చార మీద అద్ది చూడండి. సంచికి మీసాల్లా నల్లటి గింజలు నిలబడతాయి. సంచిని తిరగేసి దులిపితే రాలిపోతాయి. సంచి లేకుండా అయస్కాంతాన్ని నేరుగా అద్దకండి, దాన్ని శుభ్రం చేసేసరికి పొద్దుపోతుంది. పిల్లలకు ఇది నాణేల కన్నా ఎక్కువ నచ్చుతుంది, కాబట్టి రెండు నిమిషాలు చూపించి అయస్కాంతం మీ జేబులో వేసుకోండి. ఆ ఇసుకను సీసాలో నింపి ఇంటికి తేవద్దు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఖనిజం.

పరిష్కారం సులువే. తడి ఇసుకను వదిలేయండి. అల తాకే గీత దగ్గర నడుస్తూ వెతకడం వీడియోల్లో అందంగా ఉంటుంది కానీ మన ఒడ్డున మనవాళ్లు చిల్లర పోగొట్టుకునేది అక్కడ కాదు. కూర్చున్నచోట పోతుంది. కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చినవాళ్లు ఎండ పడకుండా సరుగుడు తోటల్లో దుప్పట్లు పరుస్తారు. మగవాళ్లు పక్కకు ఒత్తిగిలి పడుకుంటే ప్యాంటు జేబులోంచి, ఆడవాళ్లు వంగి వడ్డిస్తుంటే రొంటిన దోపిన చిన్న సంచిలోంచి, పిల్లలు దొర్లుతుంటే ఎక్కడి నుంచైనా చిల్లర జారుతుంది. పైన సరుగుడు ఆకు రాలి కప్పేస్తుంది, ఎవరి కంటా పడదు. బజ్జీల బండి, ఐస్ బండి నిలిచే చోటు రెండోది. అక్కడ చిల్లర చేతులు మారుతుంది, తడి చేతుల్లోంచి జారుతుంది.

పొడి ఇసుకలో కూడా యంత్రం గొణుగుతుంటే, ఆ ఇసుక మీదే గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే ఆ నేల కూతను పట్టించుకోవద్దని యంత్రానికి అలవాటు చేయడం. లోహం లేని అడుగు మేర చోటు చూసుకుని, కాయిల్‌ను జానెడు ఎత్తు నుంచి నేల దాకా పైకీ కిందకీ ఆడిస్తూ ఉంటే గొణుగుడు తగ్గుతుంది. ఇంటి పెరట్లో చేసిన బ్యాలెన్స్ ఇక్కడ పనికిరాదు. ఆ తరువాత సెన్సిటివిటీ (యంత్రం చెవి చురుకుదనం) తగ్గించండి. చాలామందికి ఇది మనసొప్పదు, పూర్తిగా పెంచితేనే లోతుగా చూస్తుందనుకుంటారు. నల్ల ఇసుకలో పూర్తిగా పెంచితే అది చూసేది ఇసుకనే. సగానికి దించి నెమ్మదిగా ఊపండి. ఊపు చివర చెయ్యి పైకి లేవకూడదు, కాయిల్ నేలకు సమంగా సాగాలి.

ఇంకో కారణం కూడా ఉంది, మాకు చాలా తరువాత తట్టింది. మా చిన్నమ్మాయి యంత్రం పట్టుకుంటే మాత్రమే అడుగడుక్కీ ఒక చిన్న కూత వచ్చేది. కాళ్ల పట్టీలు! వెండి పట్టీలు, మెట్టెలు, చేతి ఉంగరం, మేకులు కొట్టిన చెప్పులు, అన్నీ కాయిల్ దగ్గరికి వచ్చినప్పుడల్లా మోగుతాయి. యంత్రం పట్టేవాళ్లు వాటిని తీసి అత్తగారి ఒళ్లో పెట్టి రావాలి. మెట్టెలు తీయనంటే యంత్రం ఇంకొకరికి ఇవ్వండి, జల్లెడ పట్టండి. మెట్టెల గురించి ఇంట్లో గొడవ వద్దు.

ఇక బటన్. దీని మీద నాకు నిజంగానే కోపం ఉంది.

అమెరికా వీడియో ఏది తెరిచినా మొదటి సలహా ఒకటే ఉంటుంది: ఇనుమును తీసేయండి, మేకులు తవ్వే శ్రమ తప్పుతుంది అని. యంత్రం మీద ‘డిస్క్’ అనో, మేకు బొమ్మతోనో ఉండే బటన్ నొక్కితే ఇనుముకు యంత్రం నోరు మూసుకుంటుంది. వాళ్ల దేశంలో అది మంచి సలహానే. వాళ్ల జేబుల్లో ఉండే నాణేలు ఎక్కువగా రాగి, నికెల్ మిశ్రమాలు, అయస్కాంతానికి అంటవు. మన జేబుల్లో ఏముంది? 1992 నుంచి వస్తున్న రూపాయి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు. అంతకుముందే, 1988 నుంచి, పావలా, అర్ధరూపాయి ఆ లోహంలోకి మారాయి. 2005 నుంచి రెండు రూపాయలు. వీటన్నిటికీ అయస్కాంతం అంటుకుంటుంది. యంత్రానికి ఇవి ఇనుము కిందనే లెక్క, లేదా లోహాన్ని బట్టి తెర మీద చూపించే అంకె ఒకచోట నిలవకుండా గెంతుతుంది. ఇనుమును తీసేస్తే, ఈ ముప్పై ఏళ్లలో మనవాళ్లు పోగొట్టుకున్న చిల్లరలో చాలా భాగాన్ని మీరే తీసేసినట్టు. నెల్లిమర్ల దంపతులు పూటంతా నాణేల మీద నుంచే నడిచి ఉంటారు. యంత్రానికి మాట్లాడవద్దని చెప్పింది వాళ్లే.

పాతవాటి సంగతి చూసినా అంతే. 1960ల నాటి నికెల్ రూపాయి కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. నికెల్ ఇనుము కాదు, కానీ అంటుకుంటుంది. మళ్లీ కొందరు ఇంకో మెట్టు పైకి వెళ్లి రేకు కాగితం కూడా తీసేస్తారు, గుట్కా పొట్లాల బెడద పోతుందని. పైసా, రెండు పైసలు, మూడు పైసలు అల్యూమినియం. పలకగా ఉండే పైసా బిళ్ల బరువు ముప్పావు గ్రాము. గుట్కా పొట్లానికీ దానికీ యంత్రం దృష్టిలో పెద్ద తేడా లేదు. పొట్లాన్ని వద్దంటే పైసా కూడా పోతుంది. ఇక పాతవాటిలో చెప్పుకోదగ్గవి ఏవి మిగులుతాయి? అయిదో జార్జి బొమ్మ ఉన్న కంచు కానీ (కాలణా నాణెం), 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కానీ, వెండి అర్ధరూపాయి. అవి అంత తరచుగా దొరికేవైతే ఈ పాఠాలు అవసరమే ఉండేవి కావు.

కాబట్టి మన దగ్గర ఏమీ తీసేయకూడదు. బటన్ల జోలికి వెళ్లకుండా అన్ని లోహాలూ వినిపించే చోట వదిలేయండి. అవును, మేకులు వస్తాయి. సీసా మూతలు వస్తాయి, బ్లేడు ముక్కలు వస్తాయి, అందుకే పిల్లల చేతికి తోలు తొడుగు వేయమని రెండో పాఠంలో చెప్పాను. మేకును గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. కూత వచ్చిన చోట ఎడమ నుంచి కుడికి ఊపండి, తరువాత మీరు పక్కకు తిరిగి నిలబడి అడ్డంగా ఊపండి. రెండు దిక్కులా ఒకేచోట, ఒకేలా మోగితే అది గుండ్రటి వస్తువు కావచ్చు. ఒక దిక్కున మోగి రెండో దిక్కున మాయమైతే పొడవాటి మేకు అనుకోవచ్చు. సీసా మూత గుండ్రంగానే ఉంటుంది కాబట్టి ఈ పరీక్షలో నెగ్గేస్తుంది. దాన్ని తవ్వి తీసి సంచిలో వేసుకోవడమే, వేరే దారి లేదు.

హెడ్‌ఫోను అడిగినవాళ్లకు: కుటుంబంతో వెళ్లినప్పుడు వద్దు. కూత అందరికీ వినిపించాలి, లేకపోతే జల్లెడ పట్టేవాళ్లు అరగంటలో విసిగి ఇంటికి పదమంటారు. గోతిలో నాణెం ఎక్కడుందో చూపే చేతి కడ్డీ, పిన్‌పాయింటర్ మీద కూడా నాకు పెద్ద గౌరవం లేదు. గోతిలోంచి తీసిన ఇసుకను గుప్పెడు గుప్పెడుగా కాయిల్ ముందు ఆడిస్తే ఏ గుప్పెట్లో ఉందో అదే చెబుతుంది. ఉంగరాలు తీసేసిన చేతులతో. తవ్వడానికి కలుపు తీసే బొరిగె చాలు.

పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ మీద వెతకవచ్చా అని ఒకరు అడిగారు. మొదటి పాఠంలో చెప్పింది వాళ్లు చదవనట్టుంది. వెతకకూడదు. శాలిహుండం, రామతీర్థం, ముఖలింగం, దంతవరపుకోట, ఇలాంటి పురాతన స్థలాల ఛాయలకు యంత్రం తీసుకెళ్లవద్దు, కారులో కూడా పెట్టుకోవద్దు. గుప్తనిధుల కోసం గుళ్లు తవ్వే ముఠాల గురించి పేపర్లో చదివిన ఊళ్లవాళ్లు మీ చేతిలో యంత్రం చూసి మీరు సరదాగా వచ్చారని అనుకోరు. మామూలు పొలంలోనైనా రైతును అడిగి, ఊరి పెద్దలకు చెప్పి దిగండి. నేలలో దాచిన, పది రూపాయలకు మించి విలువైనది బయటపడితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. కుండ తగిలితే అక్కడితో చెయ్యి ఆపాలి.

పోయిన నాణెం వేరు, వేసిన నాణెం వేరు. రేవులో స్నానం చేసి నదిలో వేసిన కాసు, శంకుస్థాపనలో, గడప కింద పెట్టిన నాణెం, శవయాత్రలో పేలాలతో పాటు చల్లిన చిల్లర, ఇవి ఎవరూ పోగొట్టుకున్నవి కావు. శ్మశానం దారిలో యంత్రం ఎంత మోగినా మేము వంగము. తెచ్చినా మా అత్తగారు గుమ్మం దాటనివ్వరు.

చింతపండు గురించి కూడా ఒక్క మాట. కంచు కానీ దొరికిందని పాలకొండ నుంచి ఫొటో పంపినవారు దాన్ని చింతపండుతో రాగి చెంబు తోమినట్టు తోమేశారు. గులాబి రంగులో తళతళలాడుతోంది. జార్జి గారి ముక్కు అరిగిపోయింది. ఎనభై ఏళ్లు నేలలో ఉండి పట్టిన గోధుమ రంగు పొర ఇక తిరిగి రాదు. దాన్ని సేకరించేవాడు ఇప్పుడు దాని వైపు చూడడు. సముద్రపు ఒడ్డున దొరికినదైతే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. అలా ఉప్పు బయటికి వస్తుంది. స్టీలు రూపాయినైతే మీ ఇష్టం వచ్చినట్టు తోముకోండి, దాన్ని బజ్జీల బండికే ఇచ్చేస్తారు కదా.

సాధన. ఈసారి ఒక్క రోజు పని కాదు. పెరట్లో రెండు మీటర్ల చదరం గీసి తాడు కట్టండి. పెరడు లేనివాళ్లు పాత సిమెంటు తొట్టిలో ఇసుక నింపుకోవచ్చు, కానీ తొట్టికి ఇనుప చువ్వ ఉండకూడదు. నాణేలు మీరు పాతకూడదు, ఇంట్లో పెద్దావిడ పాతాలి. అయిదు, పది, పదిహేను సెంటీమీటర్ల లోతున ఒక్కో స్టీలు రూపాయి. అలాగే రెండు అల్యూమినియం పైసలు, ఒక ఇత్తడి అయిదు రూపాయలు (2009 తరువాతది), ఒక మేకు, ఒక సీసా మూత, ఒక గుట్కా పొట్లం. ఏది ఎక్కడో ఆవిడ కాగితం మీద గీసి బీరువాలో దాచాలి. అడిగినా చూపించకూడదు. పాతిన మర్నాడు ఒకసారి, మంచి వాన పడిన తరువాత ఒకసారి, మళ్లీ నేల ఎండాక ఒకసారి, ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా తిరిగి విని, ఏది ఎక్కడుందో, అది ఏమిటో తవ్వకుండానే రాయాలి. మూడుసార్లూ అయ్యాక బీరువా కాగితంతో పోల్చండి.

మూడు జాబితాలూ, ఆవిడ గీసిన పటమూ కలిపి పంపండి. పదిహేను సెంటీమీటర్ల రూపాయిని ఎవరూ పట్టలేకపోతే ఏ సెన్సిటివిటీ మీద పెట్టారో కూడా రాయండి. నాణెం ఏ కాలానిదో గుర్తుపట్టడం ఆరో పాఠంలో చెబుతాను.