మెనాండర్ నాణెం చేతికొస్తే ఆ రాజు కథ ఎలా చదవాలి

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేశాను. నాణెం చేతికి రాగానే ముందు బరువు, తర్వాత అంచు, ఆ తర్వాతే బొమ్మ చూడటం అక్కడ అలవాటైంది. రిటైరయ్యాక ఆ అలవాటే నన్ను రెండు వేల ఏళ్ల కిందటి ఒక గ్రీకు రాజు దగ్గరికి చేర్చింది. ఆయన పేరు మెనాండర్, బౌద్ధుల నోట మిలిందుడు. క్రీ.పూ. 2వ శతాబ్దం మధ్యలో కాబూల్ లోయ నుంచి పంజాబ్ దాకా ఏలాడు. రాజధాని సాగల, ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ అదే అంటారు. ఆయన గురించి గ్రంథాల్లో ఉన్నవి చాలావరకు తర్వాతివాళ్లు రాసిన మాటలు. ఆయన బతికుండగా ఆయన పేరుతో బయటికొచ్చినవి నాణేలు. అందుకే చదవడం నాణెంతో మొదలుపెట్టమంటాను.

మీ దగ్గర నాణెం లేకపోయినా ఇబ్బంది లేదు. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు ఈ నాణేల రెండు వైపుల ఫొటోలూ, బరువులూ ఇంటర్నెట్‌లో పెట్టారు. కొనాలనుకుంటే బిల్లు లేకుండా కొనకండి. నూరేళ్లు దాటిన నాణెం చట్టం ప్రకారం పురావస్తువు, మామూలు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు.

బరువుతో మొదలుపెట్టండి. ఈయన చిన్న వెండి నాణేన్ని డ్రాక్మా అంటారు. బాగా ఉన్నది దాదాపు 2.45 గ్రాములు తూగుతుంది. అరిగినది కొంచెం తగ్గుతుంది కానీ పెరగదు. నేను మొదట కొన్నది 3.1 గ్రాములు తూగింది. అప్పుడు భూతద్దంతో అంచు చూస్తే చుట్టూ సన్నటి అతుకు గీత, బొమ్మ మీద సూది మొనంత గుంటలు కనిపించాయి. అచ్చులో పోత పోసిన నకిలీ అది. అసలైనవి సుత్తి దెబ్బతో ముద్ర వేసినవి, వాటికి అలాంటి గీత ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకు ఆ బాధ రాకూడదనే ముందు తూకం అంటున్నాను. ఇంకో మాట, నల్లబడిందని చింతపండుతో తోమకండి. ఆ నలుపు పోతే అక్షరాల చుట్టూ ఉన్న స్పష్టత కూడా పోతుంది.

ఇప్పుడు రాజు ముఖం ఉన్న వైపు తిప్పండి. తల చుట్టూ కట్టిన పట్టీ కొసలు మెడ వెనక వేలాడుతుంటాయి. గ్రీకు రాజులకు కిరీటం అదే. కొన్ని నాణేల్లో శిరస్త్రాణం ఉంటుంది. నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటి: రాజు వీపు మనవైపు ఉంటుంది, ఎత్తిన చేతిలో బల్లెం ఉంటుంది, విసరబోతున్నట్టు. తనను యోధుడిగా చూడమని ఆయనే చెబుతున్నాడన్నమాట. వెనక వైపు ఉన్నది అథీనా దేవత, ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో పిడుగు. ఆ రూపం మాసిడోనియాలోని పెల్లా నగరానిది, అంటే అలెగ్జాండర్ పుట్టిన ఊరిది.

అక్షరాల దగ్గర తొందరపడకండి. ముఖం వైపు ఉన్నది గ్రీకు. ముందు కింది భాగంలో ఉన్న పేరు పట్టుకోండి. ఇంగ్లిష్ పెద్దబడి ఎం, ఇ, ఎన్, ఏ, ఎన్, వాటి తర్వాత త్రికోణంలా ఒక అక్షరం కనిపిస్తే అదే ‘మెనాండ్రూ’. ఆ త్రికోణం గ్రీకు ‘డ’. పైన వంపుగా ఉన్నది ‘బసిలెయోస్ సోతేరోస్’. మొత్తం కలిపితే ‘రక్షకుడైన రాజు మెనాండర్ యొక్క’ అని. నాణెం అన్న మాట మనమే చేర్చుకోవాలి.

దేవత వైపు ఉన్నది ఖరోష్ఠి లిపి, కుడి నుంచి ఎడమకు చదవాలి. ‘మహరజస త్రతరస మెనంద్రస’. ఇది ప్రాకృతం. దీర్ఘాలు రాయలేదు, చివరి ‘స’ మన ‘యొక్క’. గ్రీకు ‘సోతేర్’కి, అంటే రక్షకుడికి, వాళ్లు ఎంచుకున్న మాట ‘త్రాత’. మనం పూజలో అనే ఆర్తత్రాణపరాయణలో ఉన్న ధాతువే అది. మొదటిసారి దాన్ని కూడబలుక్కుని చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. 19వ శతాబ్దంలో జేమ్స్ ప్రిన్సెప్, ఇంకొందరు ఖరోష్ఠి గుట్టు విప్పింది ఇలా రెండు భాషల్లో ఒకే మాట ఉన్న నాణేలతోనే. ‘త్రతరస’ బదులు ‘ధ్రమికస’ అని ఉంటే మాత్రం అది మన రాజుది కాదు, తర్వాత వచ్చిన రెండో మెనాండర్‌ది.

నాణెం చదివాకే గ్రంథాలు తెరవండి. పాళీలో ఉన్న బౌద్ధ గ్రంథం మిలిందపన్హా (‘మిలిందుడి ప్రశ్నలు’) ప్రకారం మన మెనాండర్ అలసందలోని కలసి గ్రామంలో పుట్టాడు. పేరు వినగానే మనకు పప్పుదినుసు గుర్తొస్తుంది కానీ ఇక్కడ అది అలెగ్జాండ్రియా. బౌద్ధ భిక్షువు నాగసేనుడు రాజును రథం గురించి అడిగే ఘట్టం ఇందులోదే: ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? మెనాండర్ కంచు నాణెం ఒకదాని మీద ఎనిమిది ఆకుల చక్రం ఉంది కాబట్టి ఆయన బౌద్ధుడే అని కొందరు తేల్చేస్తారు. నేను అంత దూరం వెళ్లను. చక్రం చక్రవర్తికీ గుర్తే, పైగా దాని వెనక ఉన్న ఖర్జూరపు మట్ట గ్రీకుల విజయచిహ్నం.

చివరిరోజుల గురించి రెండు కథలున్నాయి. రాజ్యం కొడుక్కి అప్పగించి సన్యసించాడని మిలిందపన్హా అంటుంది. సైనిక శిబిరంలో చనిపోయాడని, చితాభస్మం కోసం నగరాలు పోటీపడి చివరికి సమానంగా పంచుకుని స్మారకాలు కట్టుకున్నాయని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఏది నమ్మాలి? మళ్లీ నాణేల దగ్గరికే రండి. అగాథోక్లియా రాణి ముఖం ఒకవైపు, స్ట్రాటో పేరు ఇంకోవైపు ఉన్న నాణేలున్నాయి. ఆమె మెనాండర్ భార్య అని, స్ట్రాటో వాళ్ల కొడుకని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తల్లి ముఖం వేయాల్సి వచ్చిందంటే పిల్లవాడికి ఇంకా ఏలే వయసు రాలేదనుకోవాలి. అలాంటి పసివాడికి రాజ్యం వదిలి వెళ్లాడంటే నాకు నమ్మకం కుదరదు. నేను ప్లూటార్క్ వైపే.

ఆయన పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత, క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు భరుకచ్ఛ రేవులో, అంటే గుజరాత్‌లోని భరూచ్‌లో, మెనాండర్ డ్రాక్మాలు ఇంకా కనిపిస్తున్నాయని రాసుకున్నాడు. అందుకే అరిగిన నాణెం దొరికితే చిన్నచూపు చూడకండి. ముఖం చెరిగిపోయినా కింద ఆ త్రికోణం ఒక్కటి కనిపిస్తుందేమో భూతద్దం పెట్టి వెతకండి.