కెరటం తగ్గిందని వెనక్కి వెళ్లకండి

2025 జూలై 30 ఉదయం మా ఊళ్లో జరిగింది చెబుతాను. రష్యాలోని కమ్చట్కా తీరంలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చిందని, సునామీ బయలుదేరిందని అందరి ఫోన్లలో వార్త మోగింది. మన దేశానికి ముప్పు లేదని, సునామీ హెచ్చరికలు ఇచ్చే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం ప్రకటించింది. కానీ ఆ ప్రకటన చూడకముందే మా వాళ్లు ముప్పై నలభై మంది బయలుదేరారు. మేడల వైపు కాదు, తీరం వైపు. సముద్రం వెనక్కి తగ్గిందేమో చూద్దామని! ఇద్దరు ముగ్గురు పిల్లలను కూడా బండి ముందు కూర్చోబెట్టుకుని వెళ్లారు.

ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను భయపెట్టింది అదే. నిజంగా వచ్చిన రోజు కూడా వాళ్లు ఇలాగే వెళ్తారు.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు నీటి గురించి ఒకరు చెప్పాలా అంటారు పెద్దవాళ్లు. నిజమే. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు భైరవపాలెం, బలుసుతిప్ప ఏమయ్యాయో చూసినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాయుగుండం పడిందని వినగానే బియ్యం, అగ్గిపెట్టెలు, మందులు మూటకట్టడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాబట్టి ఆ జాగ్రత్తలు ఇక్కడ రాయడం లేదు. ఉప్పెన మనకు నేర్పిన ఒక అలవాటు సునామీలో ప్రాణం తీస్తుంది. నా బాధంతా దాని గురించే.

ఉప్పెనలో నీరు తీసిందంటే గండం గడిచినట్లే. వెంటనే తప్పిపోయినవారిని వెతుకుతాం, గొడ్లను చూసుకుంటాం, ఇసుకలో కూరుకుపోయిన వలలు లాగుతాం. తాతల నాటి నుంచి అదే పద్ధతి, అదే సరైనది కూడా. సునామీలో నీరు తీయడం అంటే గండం గడవడం కాదు. తర్వాతి కెరటం రావడానికి ముందు సముద్రం వెనక్కి లాగడం. అది పావుగంటలో రావచ్చు, గంటకు రావచ్చు. మొదటిదాని కంటే రెండోదో మూడోదో పెద్దది కావచ్చు. ఆ మధ్యలో తీరం ప్రశాంతంగా, ఎండలో మెరుస్తూ, చేపలు కొట్టుకుంటూ కనిపిస్తుంది. మన మనిషి అప్పుడే వెనక్కి వెళ్తాడు.

2004 డిసెంబరు 26 మార్గశిర పౌర్ణమి, ఆదివారం. గాలి లేదు, మబ్బు లేదు. ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కంపించింది. సుమారు రెండున్నర గంటల తర్వాత నీరు మన తీరానికి వచ్చింది. అప్పటికి మనకు హెచ్చరిక కేంద్రం లేదు. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో పున్నమి స్నానానికి దిగినవారిని కెరటం లాక్కుపోయింది. రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు.

సునామీకి ముందు సముద్రం వెనక్కి తగ్గుతుందని అందరూ బట్టీపట్టారు. అది ప్రతిసారీ జరగదు. ఆ రోజు థాయిలాండ్ వైపు ముందు సముద్రం తగ్గింది, మన వైపు ముందు నీరే పైకి లేచింది. భూకంపంలో నేల చీలిన చోటికి పడమటి వైపు సముద్రపు అడుగు పైకి ఎగదన్నింది, తూర్పు వైపు కుంగింది. అందుకని ఆ తేడా. అంటే మన తీరంలో సముద్రం తగ్గడం కనిపించింది మొదటి కెరటం కొట్టిన తర్వాతే! ఆ తగ్గడాన్ని చూసి "పోయిందిలే" అనుకున్నారు మనవాళ్లు.

మా పక్క పేటలో ఒక పెద్దాయన అలాగే అనుకున్నారు. మొదటి కెరటానికి భార్యను, మనవరాలిని భుజాన వేసుకుని బడి దాకా తెచ్చారు. ఇద్దరినీ మెట్లమీద కూర్చోబెట్టి, కొత్తగా కొన్న వల కోసం, అప్పు ఇంకా తీరని ఇంజను కోసం వెనక్కి వెళ్లారు. ఆయనను రెండో రోజు సరుగుడు తోటలో చూశాం. మొదటి కెరటం ఆయనను ఏమీ చేయలేదు. దయచేసి ఈ మాట మళ్లీ చదవండి.

తుఫానులు చూసినవారికి ఇంకోలా చెబుతాను. తుఫాను నడిమధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, చుక్కలు కూడా కనిపిస్తాయి. తెలియనివాడు తలుపు తీసి బయటికి వస్తాడు. తెలిసిన ముసలమ్మ కొంగు పట్టి లోపలికి లాగుతుంది, గాలి మళ్లి అవతలి దిక్కు నుంచి కొడుతుందని ఆమెకు తెలుసు కాబట్టి. రెండు కెరటాల మధ్య తీరం ఆ గాలి ఆగిన ఘడియ లాంటిదే.

2012 ఏప్రిల్ 11 కూడా గుర్తుచేస్తాను. మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకు సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. హెచ్చరిక వచ్చింది, ఊరంతా కదిలింది, సంతోషించాను. మూడున్నర అయ్యేసరికి సగంమంది ఇళ్లకు చేరారు. సాయంత్రం 4 గంటల 13 నిమిషాలకు 8.2 తీవ్రతతో ఇంకొకటి వచ్చింది! ఆ రెండు భూకంపాల్లో సముద్రపు అడుగు పక్కకు జరిగింది, పైకి లేవలేదు. అందుకే పెద్ద కెరటాలు రాలేదు. లేకపోతే ఆ సగంమంది గతి ఏమిటి?

ఊరు ఏం చేసుకోవాలి

హెచ్చరిక కేంద్రం 2007లో వచ్చింది. సముద్రంలో పెద్ద భూకంపం వస్తే సుమారు పది నిమిషాల్లో మొదటి ప్రకటన ఇస్తుంది. వార్నింగ్ అంటే తీరం ఖాళీ చేయాలి. అలర్ట్ అంటే ఒడ్డుకు వెళ్లకూడదు. వాచ్ అంటే తర్వాతి ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండాలి. అండమాన్, సుమత్రా వైపు నుంచి వచ్చేదైతే మన చేతిలో రెండు గంటల పైచిలుకు ఉంటుంది. ఆ రెండు గంటలు ఎలా గడవాలో ముందే కూర్చుని తేల్చుకోవడమే ఊరి పని.

మొదట గొంతు. పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే మత్స్యకారుల ఊరు ఉంది. 2004లో ఆ ఊరివాడొకరు సింగపూరు నుంచి ఫోను చేసి సముద్రం పొంగుతోందని చెప్పారు. సముద్రపు వార్తలు వినిపించడానికి ఊళ్లో అప్పటికే మైకు ఉంది. అందులో ఒక్క కేక వేశారు, ఊరు లేచింది, ప్రాణాలు దక్కాయి. మన ఊళ్లలో గుడికి మైకు ఉంది, మసీదుకు ఉంది, చర్చికి ఉంది. మూడింటిలోనూ ఒకే మాట, ఒకే మనిషి చెప్పినట్లుగా రావాలి. ఆ మాట ఏమిటో కాగితం మీద రాసి మైకు పక్కనే అంటించండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఉంచండి. బ్యాటరీ కూడా లేకపోతే గంట, డప్పు.

తర్వాత ఎత్తు. ఉత్తరాంధ్రకు కొండలున్నాయి, మనకు లేవు. మనకు ఎత్తు అంటే తుఫాను షెల్టరు, బడి మేడ, స్తంభాల మీద కట్టిన గట్టి డాబా. షెల్టరు కింది భాగం ఖాళీగా వదిలింది బళ్లు పెట్టుకోవడానికి కాదు, నీరు అడ్డం లేకుండా పోవడానికి. అక్కడ ధాన్యం బస్తాలు, పాత వలలు పేర్చకండి. ఏరు సముద్రంలో కలిసే మొగకు దగ్గర ఊళ్లలో ఏటిగట్టును నమ్ముకోకండి. గట్టు కట్టింది గోదావరి వరదకు, సముద్రం వైపు నుంచి ఎక్కివచ్చే కెరటానికి కాదు. కెరటం మొగలోంచి దూరి పాయలు, మురుగు కాలువల వెంట లోపలికి వస్తుంది. సముద్రం కనిపించనంత దూరంలో ఉన్నా కాలువ ఒడ్డున ఉంటే మీరు తీరంలో ఉన్నట్లే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మనుషులు. కమిటీ అనగానే జనాన్ని తరలించడానికి పదిమందిని వేసుకుంటాం. వెనక్కి రాకుండా ఆపడానికి ఒక్కరినీ వేయం! తీరానికి వెళ్లే ప్రతి దారికీ ఇద్దరిని పెట్టండి. వాళ్లు మెరక దగ్గర, ఊరి వైపు నిలబడాలి, ఒడ్డున కాదు. ఎవరి మాట కాదనలేమో అలాంటివారిని ఎంచండి: కుల పెద్దలు, బడి మాస్టారు, డ్వాక్రా సంఘం లీడరు. నా అనుభవంలో ఆడవాళ్లు నిలబడిన దారిలో ఎవరూ దాటలేదు. తమ్ముడైనా, బావగారైనా ఆపాల్సిందే.

వలల సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. మత్స్యకారుడు వెనక్కి వెళ్లేది ఆశతో కాదు, అప్పుతో. పడవ రిజిస్ట్రేషను, బీమా కాగితాలు, ఇంజను నంబరు ఫొటో తీసి సంచిలో ఉంచితే వెనక్కి వెళ్లే కారణాల్లో ఒకటి తగ్గుతుంది.

ఇది చదువున్న ఊళ్లకే సాధ్యం అనుకోవద్దు. సుమత్రా పక్కన సిమెలూ దీవివాళ్లు 1907లో వచ్చిన కెరటాన్ని "స్మాంగ్" అనే పేరుతో పాటల్లో, కథల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004లో భూకంపం వాళ్ల పక్కనే వచ్చింది. సుమారు 78 వేల జనంలో ఏడుగురు మాత్రమే పోయారు. మన పొరుగున ఒడిశాలో వెంకటరాయిపూర్, నోలియాసాహి 2020లో యునెస్కో నుంచి సునామీకి సిద్ధమైన గ్రామాలుగా గుర్తింపు పొందాయి. నోలియాలంటే అక్కడ స్థిరపడిన మన తెలుగు మత్స్యకారులే.

భూమి కంపిస్తే

భూకంపం మనకు కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చాయి. డెల్టా నేల ఒండ్రు, ఇసుక, కింద నీరు. గట్టిగా ఊగితే తడి ఇసుక బురదలా జారి, గట్లు కుంగుతాయి. ఊపు ఆగాక గట్టు పగిలిందేమో చూడకుండా దాని మీద బండి నడపవద్దు. గ్యాసు పైపులైన్లున్న ఊళ్లలో వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి, స్విచ్చి వేయకండి, గాలికి ఎదురుగా నడవండి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఏం జరిగిందో మరిచిపోలేదు కదా. తీరంలో నిలబడలేనంతగా, ఇరవై సెకన్లు మించి నేల ఊగితే సైరను కోసం, ఫోను కోసం ఆగవద్దు. మేడ ఎక్కండి.

ఇక మిగిలినవి, వరస లేకుండా:

వేటలో ఉన్నవారిని ఒడ్డుకు రమ్మని ఫోను చేయకండి. లోతు నీటిలో కెరటం పడవ కింద నుంచి తెలియకుండా పోతుంది, ఒడ్డు దగ్గరే లేస్తుంది. "లోపలికి పొండి, చెప్పేదాకా రాకండి" అని చెప్పండి.

రేవులో ఉన్న పడవను కాపాడబోకండి.

పంటు ఎక్కి పాయ దాటే ఆలోచన వద్దు. లంకలో ఉంటే లంకలోనే ఎత్తు ఎక్కండి.

బడి వేళలో వస్తే పిల్లలను మాస్టర్లు మేడమీదికి ఎక్కిస్తారు. తల్లిదండ్రులు బడికి పరుగెత్తకండి. ఈ సంగతి ఈ నెలలోనే పెద్దల సమావేశంలో తేల్చండి.

మంచం దిగలేనివారు, నిండు గర్భిణులు, చూపు లేనివారు: ఒక్కొక్కరికి ఇద్దరు మోసేవాళ్ల పేర్లు. పేరు ఉన్న మనిషి ఊళ్లో లేకపోతే మూడో పేరు.

రొయ్యల చెరువు కాపలాదారుకు ఎవరు చెబుతారు? అతను పొరుగు రాష్ట్రం వాడైతే మన మైకు మాట అతనికి అర్థమవుతుందా? ఒక మనిషిని పంపండి.

మడ అడవి కెరటం జోరు తగ్గిస్తుంది. అందులో దాక్కోవద్దు.

అంతర్వేది తీర్థంలో, మాఘ పౌర్ణమి చక్రస్నానం రోజు మైకు దగ్గర కూర్చునేవారికి హెచ్చరిక కాగితం ముందే ఇవ్వండి. యాత్రికులకు దారి తెలియదు. ఎటు వెళ్లాలో బాణం గుర్తులు వేయండి.

రేపు ఫలానా గంటకు భూకంపం అని వచ్చిన సందేశాన్ని పంపకండి. భూకంపం గంట ముందే చెప్పగలవారు లేరు.

ఫోన్లు కలవవు. మాట్లాడే బదులు సందేశం పంపండి. 112కు ప్రాణాపాయం ఉంటేనే చేయండి.

వీడియో తీయవద్దు.

చేపలు ఏరవద్దు.

చెప్పుల కోసం, గొడ్డు కోసం, నగల పెట్టె కోసం, తాళం వేశామా లేదా అన్న అనుమానంతో వెనక్కి వెళ్లకండి. మొదటి కెరటం మోకాలు దాటకపోయినా వెళ్లకండి. పక్కింటివాళ్లు వెళ్లినా వెళ్లకండి. రెండు గంటలు నిశ్శబ్దంగా ఉన్నా, అధికారులు ముప్పు తొలగిందని చెప్పి, అది మన మైకులో వినిపించేదాకా వెళ్లకండి.

షెల్టరు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఈ రోజే కనుక్కోండి. సునామీ వచ్చినట్లు మేము సన్నాహం చేసి చూసిన రోజున ఆ చెవి ఉన్న మనిషి పెళ్లికి వెళ్లాడు, జనమంతా గంటసేపు మెట్లమీద నిలబడ్డారు. రెండో చెవి చేయించి షెల్టరుకు దగ్గరగా, ఎప్పుడూ మనుషులుండే ఇంట్లో మేకుకు తగిలించండి. ఆ ఇంటివారి పేరు షెల్టరు తలుపు మీద రంగుతో రాయండి.