అడుగూ దరువూ, 3వ పాఠం: కాలికి సరిపడే పాటను లెక్కగట్టడం

తప్పెటగుళ్ళ ఆటలో ఈసారి పాట వినడం మానేసి కాళ్ళను మాత్రమే చూడండి. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట మీద చేయి పడే క్షణానికే గజ్జెల పాదం నేలను తాకుతుంది. అంతమందిదీ ఒకే అడుగు. దరువు కుదిరిన ఒంటికి అడుగు ఎప్పుడు వెయ్యాలన్న తర్జనభర్జన ఉండదు. ఈ వారం దాన్నే పరుగులోకి తెద్దాం. ఆర్మీ ర్యాలీకో, కానిస్టేబుల్ ఈవెంట్లకో 1600 మీటర్లు సాధన చేస్తున్నవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

ముందు మీ అడుగు లెక్క తెలియాలి. ఐదు నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాక, మీ మామూలు వేగంలోకి వచ్చి, 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టండి. వాచీ నొక్కిన క్షణంలో పడిన అడుగు ‘సున్నా’, ‘ఒకటి’ కాదు. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే. ఆ ఒక్క అడుగూ నిమిషం లెక్కకు వచ్చేసరికి నాలుగు అడుగుల తేడా అవుతుంది. మూడుసార్లు లెక్కపెట్టి మధ్య అంకె తీసుకోండి. 41 వచ్చిందనుకుందాం. అంటే రెండు కాళ్ళకూ కలిపి నిమిషానికి 164 అడుగులు.

ఇప్పుడు పాట. అదే 30 సెకన్లు, అదే ‘సున్నా’. గొంతును పట్టుకోకండి, డప్పునో డ్రమ్మునో పట్టుకోండి. మాటల్ని లెక్కపెడితే అంకె చరణానికో రకంగా వస్తుంది. పాటలో కూడా 41 వచ్చిందా, గుణకారాలేవీ అక్కర్లేదు, ప్రతి దెబ్బా కుడికాలి మీద పడుతుంది. 82 వస్తే దెబ్బకో అడుగు. 60, 65 దగ్గర ఆగే పాట ఈ కాలికి అతకదు. దాన్ని పారేయకుండా వార్మప్‌కు దాచుకోండి. అక్కడ అడుగు కలపాల్సిన పనిలేదు, హుషారొస్తే చాలు.

అంకె అచ్చంగా కలవడం అరుదు. పాట 40 దగ్గర ఉంటే ఫోన్ ప్లేయర్‌లో వేగాన్ని 1.025కి పెంచండి, తేడా చెవికి దాదాపు తెలియదు. 38 ఉన్న పాటను 41కి లాగాలంటే 8 శాతం పెంచాలి. అప్పుడు పాట పాటలా ఉండదు. 5 శాతం దాటితే వేరే పాట వెతుక్కోవడమే మేలు.

ఇంకో చిక్కు. మన జానపదాలు, ముఖ్యంగా జాతరలో రికార్డు చేసినవి, పోనుపోను వేగం అందుకుంటాయి. మొదట 40 ఉన్నది చివరికి 46 అవుతుంది. మీరు గమనించకుండానే కాలు దాని వెంట పోతుంది, రెండో రౌండుకే ఆయాసం ముంచుకొస్తుంది. అందుకే ప్రతి పాటనూ మొదట్లో, మధ్యలో, చివర్లో లెక్కపెట్టండి. చరణం మధ్యలో డప్పు ఆగిపోయి వేణువో వయొలినో సాగే పాటలు వినడానికి హాయి, పరుగుకు కాదు. ఆ పది సెకన్లలో అడుగు జారిపోతుంది.

ఇదంతా ఎంతవరకు పనిచేస్తుంది? లండన్ బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరాగియోర్గిస్ బృందం 2009లో ప్రచురించిన ట్రెడ్‌మిల్ నడక ప్రయోగంలో, ఉత్సాహపరిచే పాటకు అడుగు కలిపినవాళ్ళు సంగీతం లేనప్పటికంటే దాదాపు 15 శాతం ఎక్కువసేపు నిలిచారు. అది నడక. పరుగులో ఇంకా మాట్లాడగలుగుతున్నంతవరకూ పాట అలసటను మరిపిస్తుంది. రెండు మాటలకే ఊపిరి అందని వేగానికి వెళ్ళాక గుండె, తొడలు పంపే కబుర్లే మెదడును నింపేస్తాయి, పాటకు చోటుండదు. కాబట్టి 200, 400 మీటర్ల రిపీట్లకు (మధ్యలో నడుస్తూ అదే దూరాన్ని మళ్ళీ మళ్ళీ వేగంగా పరుగెత్తడానికి) ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం దండగ. వాటి మధ్య నడకలో వినండి, పాట అక్కరకొచ్చేది అక్కడే.

పాటను కొరడాలా వాడొద్దు. ఈరోజు 41 అడుగులవాడు రేపే 45 పాట పెట్టుకుంటే పిక్కలు పట్టేస్తాయి. రెండు వారాలకు ఒక అంకె చొప్పున, 43 దాకా పెంచితే చాలు.

తెల్లవారుజామున హైవే పక్కన పరుగెత్తేవాళ్ళు ఇయర్‌ఫోన్లు తీసేయండి. వెనక లారీ వినబడాలి. గ్రౌండులో కూడా ఒక చెవికే, ఫోన్ సౌండు 60 శాతం లోపు. పక్కనున్నవాడి మాట వినబడకపోతే ఎక్కువైనట్టే.

అసలు పరీక్షలో పాట ఉండదు. అథ్లెటిక్స్ పోటీ నిబంధనలు ట్రాక్ మీద ఫోన్, ప్లేయర్ వెంట ఉంచుకోనివ్వవు. (హెయిలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో 2000 మీటర్ల ఇండోర్ రికార్డు కొట్టినప్పుడు పాట మోగింది స్టేడియం స్పీకర్లలో. మనకు ఆ వైభోగం ఎక్కడిది!) కాబట్టి పరీక్షకు రెండు వారాల ముందే ఫోన్ ఇంట్లో పెట్టేయండి. ఈలోగా రౌండు విడిచి రౌండు పాట ఆపి, పల్లవిని మనసులోనే అనుకుంటూ అదే అడుగు నిలుస్తుందేమో చూసుకోండి. 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలంటే 400 మీటర్ల రౌండుకు 82.5 సెకన్లు. మొదటి రౌండు 76లో వచ్చిందంటే లోపలి పాట పరుగు తీసిందన్నమాట.

ఈ వారం పని: నోటుబుక్‌లో ఆరు పాటలు రాయండి. ఒక్కోదానికి మొదలు, మధ్య, చివర మూడు అంకెలు, పక్కన మీ కుడికాలి అంకె. మూడింటి మధ్య తేడా ఒకటి దాటిన పాటను కొట్టేయండి. ఆరింట్లో రెండు మిగిలినా చాలు, 20 నిమిషాల పరుగుకు వాటినే తిప్పి తిప్పి వాడుకోవచ్చు. వచ్చే పాఠంలో బరువుల సంగతి చూద్దాం. బార్ ఎత్తే ముందు పాట ఎప్పుడు ఆపాలో, విజయనగరం జిల్లా కొండవెలగాడ లాంటి వెయిట్‌లిఫ్టర్ల ఊళ్ళున్న మన జిల్లాల్లో అడిగేవాళ్ళు ఎక్కువే.