ఇద్దరి మధ్య సంబంధాన్ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి?

ఒప్పందాలు, లెటర్‌హెడ్‌లు, వీసా కోసం పంపే ఆహ్వాన పత్రాలు ఇంగ్లిష్‌లో రాసిపెట్టడం చాలా ఏళ్లుగా నా పని. నా దగ్గరికి దిద్దడానికి వచ్చే కాగితాల్లో ఎక్కువగా కనిపించే తప్పు వ్యాకరణానిది కాదు. ఇద్దరు మనుషులకో, రెండు సంస్థలకో మధ్య ఉన్న సంబంధానికి తప్పు పేరు పెట్టడం. క్రియ తప్పితే చదివేవాళ్లు సర్దుకుంటారు. సంబంధం పేరు తప్పితే మీరెవరో వాళ్లకు మరోలా అర్థమవుతుంది.

కాగితం, పెన్ను, ఉదాహరణ వాక్యాలున్న ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువు చాలు. తెలుగు అర్థాలు చూపించే యాప్ వద్దు. ‘పార్ట్‌నర్’కీ, ‘అసోసియేట్’కీ, ‘కొలీగ్’కీ అది ‘సహచరుడు’ అనే చూపిస్తే ఏది రాయాలో ఎలా తేలుతుంది?

1. ముందు తెలుగులో ఒక వాక్యం రాయండి

ఒకటే షరతు: అందులో ‘సంబంధం’ అనే మాట ఉండకూడదు. మనకు పెళ్లికి చూసేదీ సంబంధమే, రక్తం పంచుకున్నదీ సంబంధమే, కేసుతో లేదని చెప్పేదీ సంబంధమే. ఇంగ్లిష్‌లో వీటికి వేర్వేరు మాటలున్నాయి. ‘మంచి సంబంధం వచ్చింది’ అన్నదాన్ని ‘గుడ్ రిలేషన్’ అని రాసినవాళ్లను చూశాను. మన దేశపు ఇంగ్లిష్‌లో దాన్ని ‘అలయన్స్’ అంటారు. విదేశాల వాళ్లకైతే ‘మ్యారేజ్ ప్రపోజల్’ అని రాయాలి.

అందుకే జరిగేది జరిగినట్టు రాయండి: ‘ఆయన తన షాపులో మా పచ్చళ్లు అమ్ముతాడు, సీసాకు ఇంత అని కమీషన్ తీసుకుంటాడు.’ మాట దొరక్కపోతే ఈ వాక్యాన్నే ఇంగ్లిష్‌లో పెట్టేయొచ్చు. నమూనా కాగితం చూసి కాపీ కొట్టేవాళ్లకు ఆ సౌకర్యం ఉండదు.

2. తేలికైనవి తేల్చేయండి

ఒకే చోటో, ఒకే వృత్తిలోనో పనిచేసేవాళ్లు ‘కొలీగ్స్’. పెట్టుబడి కలపకుండా ఒక పని కలిసి చేస్తే ‘కొలాబరేషన్’. ఎవరి జెండా వాళ్లకుండగా ఒక లక్ష్యం కోసం కలిసిన పార్టీలది, దేశాలది ‘అలయన్స్’. అవి కలిసి ప్రభుత్వం నడిపితే ‘కొయలిషన్’. ఎన్డీయే పేరులో ఉన్నది అలయన్స్, అది నడిపేది కొయలిషన్ ప్రభుత్వం.

‘అఫిలియేటెడ్’ మూలంలో కొడుకు అనే లాటిన్ మాట ఉంది. దత్తత తీసుకోవడం అని అర్థం. కాబట్టి కాలేజీ యూనివర్సిటీకి అఫిలియేట్ అవుతుంది, యూనివర్సిటీ కాలేజీకి కాదు.

‘టై-అప్’ రాయకండి. అమెరికాలో ట్రాఫిక్ నిలిచిపోవడాన్ని కూడా అలాగే అంటారు.

3. ‘పార్ట్‌నర్’ దగ్గర ఆగండి

ఇక్కడ తొందర పనికిరాదు. మర్యాదగా ఉంటుందని ఈ మాట రాసేస్తారు. కానీ వ్యాపారంలో ఇది చట్టం మాట. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 4వ సెక్షన్ ప్రకారం, అందరూ కలిసి గానీ, అందరి తరఫున కొందరు గానీ నడిపే వ్యాపారంలో లాభం పంచుకోవడానికి ఒప్పుకున్నవాళ్ల మధ్య ఉండేది పార్ట్‌నర్‌షిప్. భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ ఇతరులతో కలిసీ, విడిగానూ బాధ్యుడని 25వ సెక్షన్ చెబుతుంది. అంటే మొత్తం బాకీ ఒక్కరి దగ్గరే అడగొచ్చు.

అసలు ప్రమాదం 28వ సెక్షన్‌లో ఉంది. మీరు భాగస్వామి కాకపోయినా సరే, అవునని చెప్పుకుంటే గానీ, ఇంకొకరు చెబుతుంటే తెలిసి ఊరుకుంటే గానీ, అది నమ్మి సంస్థకు అప్పిచ్చినవాళ్లకు మీరు బాధ్యులవుతారు. పచ్చళ్ల షాపాయన విజిటింగ్ కార్డు మీద ఆ తయారీ సంస్థ పేరు వేసి ‘పార్ట్‌నర్’ అని అచ్చేయించుకున్నాడనుకోండి. దాన్ని చూసి ఆ సంస్థకు నూనె అప్పిచ్చిన వ్యాపారి రేపు ఆయన గుమ్మం ఎక్కగలడు.

కమీషన్ తీసుకుంటే పార్ట్‌నర్ అయిపోరు. పనికి ప్రతిఫలంగా ఏజెంటుకో, ఉద్యోగికో లాభంలో వాటా ఇచ్చినా అదొక్కటే చాలదని 6వ సెక్షన్ అంటుంది. కాబట్టి ఆయన ‘సెల్లింగ్ ఏజెంట్’. ఒక్క ప్రాజెక్టు కోసం రెండు సంస్థలు కలిస్తే ‘జాయింట్ వెంచర్’. 2008 చట్టం కింద నమోదైన ఎల్‌ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉన్న సంస్థ) అయితే ఆ మూడక్షరాలో, వాటి పూర్తి రూపమో పేరు చివర తప్పకుండా ఉండాలి.

ఇంకో జాగ్రత్త. ఇంగ్లండ్, అమెరికాల్లో ‘మై పార్ట్‌నర్’ అంటే ముందు జీవిత భాగస్వామి గుర్తొస్తారు. వ్యాపారమైతే ‘బిజినెస్ పార్ట్‌నర్’ అని పూర్తిగా రాయండి.

4. చుట్టరికాలు విడమరచండి

‘కో-బ్రదర్’ మన దగ్గరే చెల్లుతుంది. వీసా ఆఫీసర్‌కు తోడల్లుడంటే ‘మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’. వియ్యంకుడికి ఇంగ్లిష్‌లో వాడుక మాట లేదు, కూతురి మామగారైతే ‘మై డాటర్స్ ఫాదర్-ఇన్-లా’, కొడుకు మామగారైతే ‘మై సన్స్ ఫాదర్-ఇన్-లా’ అని రాయాలి. ‘కజిన్ బ్రదర్’లో బ్రదర్ కొట్టేసి, ఎవరి కొడుకో చెప్పండి.

5. చివర విభక్తి చూడండి

పార్ట్‌నర్ ‘ఇన్’ ఫలానా సంస్థ, అసోసియేటెడ్ ‘విత్’, రిలేటెడ్ ‘టు’. అంతే.

కాగితం అచ్చుకు వెళ్లేముందు అవతలి పక్షానికి తెలుగులో చెప్పి, ఆ పేరుకు ఒప్పుకున్నాకే సంతకం పెట్టించండి.